ఆరోగ్యానికి తూనికరాళ్ళు

ఒక ప్రాంతంలో ఏ జబ్బు ఎక్కువ హాని చేస్తున్నదో తెలుసుకోవాలంటే మొట్టమొదట తోచే మార్గం చావులు లెక్కపెట్టటం. చావు దాచుకోవటానికి వీలులేని సంగతి. దానికి ఒక తేదీ ఉంటుంది, ఒక రిజిస్టరు ఉంటుంది. 1662లో జాన్ గ్రాంట్ అనే లండను బట్టల వర్తకుడు ఆ నగరంలో వారంవారం ప్రకటించే మరణపట్టికలను కూడబెట్టి, ఏ రోగంవల్ల ఎందరు పోయినదీ లెక్క తీసి, ఒక చిన్న గ్రంథం అచ్చువేశాడు. ప్రజారోగ్య గణాంకశాస్త్రం అక్కడే మొదలయిందని చెబుతారు. తరువాత చాలాకాలం ప్రజారోగ్యానికి ప్రధానమైన కొలమానం ఈ చావుల లెక్కే.

అయితే ఈ లెక్కకు చిక్కని జబ్బులున్నవి. మన ప్రాంతపు ఫ్లోరోసిస్ సంగతే చూడండి. భారతదేశంలో ఎముకలకు పట్టే ఈ వ్యాధిని గురించి 1937లో మొదట ప్రకటించినది అప్పటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లానుంచే. తరువాత నల్లగొండ పేరు దీనితో ముడిపడిపోయినది. తాగే నీటిలో ఫ్లోరైడు మితిమీరితే మొదట పళ్ళమీద మచ్చలు పడతవి. ఏళ్ళు గడిచేకొద్దీ కీళ్ళు బిగుస్తవి. ముదిరినవారికి మెడ తిరగదు, నడుము వంగదు. అట్లా ఉండి కూడ మనిషి చాలా సంవత్సరాలు బ్రతుకుతాడు. చివరకు ఏ జ్వరంవల్లనో గుండెజబ్బువల్లనో పోతే రిజిస్టరులో ఎక్కేది ఆ జ్వరం పేరే. ముప్ఫై ఏళ్ళపాటు నడుము వంచలేక, నొప్పితో నిద్రలేక గడిపిన జీవితం ఏ గడిలోనూ నమోదు కాదు. మంచినీటి పథకానికీ గుండె ఆపరేషన్లకూ ఒకే ఖజానానుంచి డబ్బు కేటాయించవలసి వచ్చినపుడు, లెక్కలో కనిపించని ఈ బాధ ఎంత బరువని చెప్పాలి?

ఈ ప్రశ్నకు జవాబుగా గత అరవై ఏళ్ళలో ఒక కొత్త కొలతశాస్త్రం పెరిగినది. దాని మూలసూత్రం సులభం. సంపూర్ణ ఆరోగ్యానికి 1 అని, మరణానికి 0 అని గుర్తు పెట్టుకొని, తక్కిన స్థితులన్నిటికీ ఆ కొలబద్దమీద ఒక స్థానం ఇవ్వటం. ఒక స్థితికి 0.7 విలువ వచ్చినదనుకొందాం. ఆ స్థితిలో గడిచిన పదేళ్ళు ఏడు సంపూర్ణ ఆరోగ్యవంతమైన ఏళ్ళతో సమానమని అర్థం. ఇట్లా నాణ్యతచేత గుణించిన సంవత్సరానికి ఇంగ్లీషు అక్షరాలు కలిపి క్వాలీ అని పేరు పెట్టారు. అప్పుడు ఆయుష్షును పెంచే మందూ, ఆయుష్షు పెంచకుండా నొప్పిని మాత్రమే తగ్గించే మందూ ఒకే త్రాసులో తూగుతవి.

సూత్రం సులభమే. కష్టమంతా ఆ 0.7 ఎక్కడనుంచి వస్తుందనే దగ్గర ఉన్నది. జ్వరాన్ని థర్మామీటరుతో చూస్తాం. మనం చూసినా చూడకపోయినా ఒంట్లో వేడి ఉన్నది. నడవలేకపోవటంలోని చెడుగు ఎంత అనేది ఒంట్లో ఏ అవయవంలోనూ దొరకదు. ఎవరో ఒకరిని అడిగి తెలుసుకోవలసిందే. ఎట్లా అడగాలి, ఎవరిని అడగాలి అన్నవి రెండు ప్రశ్నలు. ఈ శాస్త్రంలోని రసమంతా, రభసంతా ఈ రెండిటిలోనే ఉన్నది.

మొదట ఎట్లా అడగాలో చూద్దాం. అన్నిటికన్నా తేలిక అయినది, కాగితంమీద నిలువుగీత గీసి, పైకొసన అత్యుత్తమమైన ఆరోగ్యం, కిందికొసన అతిహీనమైన ఆరోగ్యం అని రాసి, మధ్యలో ఈ స్థితి ఎక్కడ వస్తుందో గుర్తు పెట్టమనటం. బడిపిల్లలు కూడ చేయగలరు. ఇందులో ఒక లోపమున్నది. గుర్తు పెట్టినవాడు దానికోసం ఏమీ వదులుకోడు. సంతలో బేరం చేయకుండా వంకాయలు బాగున్నవి, బెండకాయలు ఒక మాదిరి అన్నట్లుగా ఉంటుంది. వస్తువుకు మనం నిజంగా ఇచ్చే విలువ జేబులోనుంచి ఏదో ఒకటి తీసినప్పుడు గాని తేలదు.

కాబట్టి ఏదో ఒకటి పణంగా పెట్టించే పద్ధతులు వచ్చినవి. 1944లో గణితశాస్త్రజ్ఞుడు ఫాన్ నాయ్‌మన్, అర్థశాస్త్రజ్ఞుడు మార్గెన్‌స్టెర్న్ కలిసి క్రీడాసిద్ధాంతంమీద ఒక పెద్ద గ్రంథం ప్రకటించారు. అందులోని పందెపు తర్కాన్ని ఆరోగ్యానికి అన్వయిస్తే ప్రశ్న ఇట్లా ఉంటుంది: మీరు ఒక జబ్బుతో జీవితాంతం ఉండవలసి ఉన్నది. ఒక ఆపరేషను ఉన్నది. అది ఫలిస్తే సంపూర్ణ ఆరోగ్యం, వికటిస్తే అక్కడికక్కడే మరణం. నూటికి 99 వంతులు ఫలిస్తుందంటే చేయించుకొంటారా? 90 వంతులైతే? 80 అయితే? ఎక్కడ మీకు ఎటూ తేలక ఊగిసలాట మొదలవుతుందో ఆ సంభావ్యతే ఆ స్థితి విలువ. 80 దగ్గర మనసు ఊగితే విలువ 0.8.

ఈ ప్రామాణిక పందెం తర్కరీత్యా చక్కనిదే. సామాన్యులకు మాత్రం నూటికి తొంభై ఏడు, తొంభై ఎనిమిది అనే తేడాలు మనసుకు పట్టవు. అదీగాక పందెమంటేనే బెదిరేవారున్నారు. జబ్బుతోనైనా ఉంటాంగాని చావు పందెం వేయబోమంటారు. వారి జవాబులో జబ్బు విలువతోపాటు వారి పిరికితనమో జాగ్రత్తో కూడ కలిసిపోతుంది. అందుకే ఈ పద్ధతిలో విలువలు సాధారణంగా ఎక్కువగా వస్తవి.

పందెం లేకుండా అడిగే దారిని కెనడాలో హామిల్టన్ నగరంలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన జార్జి టారెన్స్, ఆయన సహచరులు కలిసి 1972లో ప్రకటించిన ఒక పరిశోధనాపత్రంలో చూపించారు. దీనిని కాలవినిమయం అనవచ్చు. ప్రశ్న ఇది: ఈ స్థితిలో పదేళ్ళు బ్రతికి పోవటమా, సంపూర్ణ ఆరోగ్యంతో అంతకన్న తక్కువ ఏళ్ళు బ్రతికి పోవటమా? తొమ్మిదేళ్ళిస్తే ఆరోగ్యమే మేలంటారు. ఐదేళ్ళిస్తే జబ్బుతోనైనా పదేళ్ళే మేలంటారు. ఏడేళ్ళ దగ్గర రెండూ ఒకటే అనిపిస్తే, 7ను 10 చేత భాగించగా 0.7. మూడేళ్ళ ఆయుష్షు చెల్లించి జబ్బును వదిలించుకొన్నారన్నమాట.

మన పెద్దలు ఈ బేరాన్ని ఎప్పటినుంచో మాటల్లో ఆడుతూనే ఉన్నారు. బ్రతికుంటే బలుసాకు తిని బ్రతకవచ్చు అనేవారు ఒకరు. కాలూ చెయ్యీ ఆడుతుండగానే దాటిపోవాలి అనేవారు ఇంకొకరు. మొదటివారు ఏ స్థితికయినా విలువ 1కి దగ్గరగానే ఇస్తారు. రెండవవారు మంచానపడ్డ స్థితికి సున్న ఇస్తారు, ఒక్కొక్కప్పుడు సున్నకన్న కిందికి కూడ పోతారు. ఒకే మనిషి ఉదయం ఒకటీ సాయంత్రం ఒకటీ అనటం కూడ కద్దు. అందువల్లనే ఒకరిద్దరిని అడిగితే చాలదు, వేలమందిని అడిగి సగటు తీయాలి.

సున్నకన్న కిందికి అన్నాను. మరణంకన్న హీనమైన స్థితి ఉంటుందా అని విద్యార్థులు అడగవచ్చు. ఉంటుందని చాలామంది చెబుతారు. అట్టి స్థితికి ఋణసంఖ్య ఇవ్వాలి. అదెట్లాగో బ్రిటనులో జరిగిన ఒక సర్వేనుంచి చూపిస్తాను. ఈ రంగంలో అంతగా వాడకంలోకి వచ్చిన సర్వే మరొకటి అరుదు.

1987లో ఐరోపాలోని కొన్ని దేశాల పరిశోధకులు యూరోక్వాల్ అనే బృందంగా ఏర్పడ్డారు. ఏ జబ్బుకయినా వర్తించే ఒక చిన్న ప్రశ్నావళి తయారుచేయటం వారి ఉద్దేశం. చివరకు ఐదు అంశాలు నిలిచినవి: నడక, స్నానం, బట్టలు కట్టుకోవటం వంటి సొంతపనులు, రోజువారీ పనులు, నొప్పి లేక అసౌకర్యం, ఆందోళన లేక దిగులు. ఒక్కొక్క అంశానికి మూడు మెట్లు: ఇబ్బంది లేదు, కొంత ఉన్నది, తీవ్రంగా ఉన్నది. మూడు మెట్లు ఐదు అంశాలు అంటే 3ను ఐదుమార్లు గుణించగా 243 స్థితులు. ప్రతి స్థితినీ ఐదంకెలతో గుర్తిస్తారు. 11111 అంటే ఏ ఇబ్బందీ లేదు. 33333 అంటే మంచానికే పరిమితమై, సొంతపనులేవీ చేసుకోలేక, తీవ్రమైన నొప్పితో, తీవ్రమైన దిగులుతో ఉండటం.

ఈ స్థితులకు విలువ కట్టటానికి యార్క్ విశ్వవిద్యాలయం వారు 1993లో బ్రిటనులోని సామాన్యప్రజలను దాదాపు 3,000 మందికి పైగా వారి ఇళ్ళకే వెళ్ళి ప్రశ్నించారు. స్థితిని వర్ణించే చీటీలు చేతికిచ్చి, జరుపుడు కొలబద్ద అమర్చిన ఒక బల్లను ముందు పెట్టి, సంవత్సరాలను ముందుకూ వెనుకకూ జరుపుతూ బేరమాడించారు. 243 స్థితులూ అడగటం ఎవరి తరమూ కాదు. 42 స్థితులను ఎన్నుకొని, ఒక్కొక్కరికి కొన్ని చొప్పున పంచి, తక్కిన 201 స్థితుల విలువలను గణితంతో ఊహించారు.

మరణంకన్న హీనమన్న స్థితులకు బల్లను తిరగవేశారు. ఇప్పుడు ప్రశ్న ఇది: ఇప్పుడే మరణమా, లేక ఆ హీనస్థితిలో కొన్నేళ్ళు గడిపి, పదేళ్ళలో మిగిలిన కాలం సంపూర్ణ ఆరోగ్యంతో గడపటమా? ఆరోగ్యంగా ఉండే కాలం ఎంత ఎక్కువ ఆశచూపితే మనిషి ఒప్పుకొన్నాడో, స్థితి అంత హీనమని అర్థం. నాలుగేళ్ళ హీనస్థితికి ఆరేళ్ళ ఆరోగ్యం కావలసి వస్తే, విలువ ఋణ 6ను 4 చేత భాగించినంత, అంటే −1.5. ఇక్కడ ఒక చిక్కు వచ్చినది. హీనస్థితి మూడే మూడు నెలలు, దాని తరువాత తొమ్మిదేళ్ళ తొమ్మిది నెలల ఆరోగ్యం ఇస్తామంటేగాని ఒప్పుకోని మనిషికి విలువ 9.75ను 0.25 చేత భాగించి ఋణం చేసినంత, అంటే −39! పైకి 1 దాటదు, కిందికి మాత్రం −39 దాకా పోతుంది. ఇట్టివారు కొద్దిమంది ఉన్నా సగటు తలకిందులవుతుంది. కాబట్టి పరిశోధకులు భాగహారాన్ని మార్చి, ఎప్పుడూ 10 చేతనే భాగించి, అడుగు −1 దగ్గర ఆపారు. −1.5 వచ్చిన స్థితి −0.6 అయినది. ఇది ప్రకృతిలో కనిపెట్టిన నియమం అనటానికి వీలులేదు. నలుగురు కూర్చుని చేసుకొన్న ఒప్పందం. సగటులు ఇట్టి ఒప్పందాలమీద నిలబడి ఉంటవని విద్యార్థులకు చూపించటానికి ఇంతకన్న మంచి ఉదాహరణ నాకు తెలియదు.

సర్వే ఫలితంగా వచ్చిన పట్టిక 1997లో వెలువడినది. దానితో ఏ స్థితి విలువనైనా తీసివేతలతో కట్టవచ్చు. 1 దగ్గర మొదలుపెట్టాలి. ఏ అంశంలోనైనా ఇబ్బంది ఉంటే ముందుగా 0.081 తీసివేయాలి. తరువాత నడకలో కొంత ఇబ్బందికి 0.069, మంచానపడితే 0.314. సొంతపనులకు 0.104, 0.214. రోజువారీ పనులకు 0.036, 0.094. నొప్పికి 0.123, 0.386. దిగులుకు 0.071, 0.236. ఏ ఒక్క అంశంలోనైనా మూడవ మెట్టు ఉంటే మొత్తంమీద ఒకసారి 0.269 అదనంగా తీసివేయాలి. అన్నీ మూడవ మెట్టయితే తీసివేతలు మొత్తం 1.594, విలువ −0.594. క్లాసులో పిల్లలచేత కూడిక చేయించి చూడవచ్చు.

ఒక ఊహాత్మకమైన ఉదాహరణ. మోకాళ్ళు అరిగిపోయిన అరవై ఏళ్ళ ఆమె ఉన్నదనుకొందాం. కొంచెం కష్టంమీద నడుస్తుంది, సొంతపనులకు లోటు లేదు, ఇంటిపనులు కొంత ఆగినవి, నొప్పి తీవ్రం, కొంత దిగులు. అంకెలలో 21232. తీసివేతలు 0.081, 0.069, 0.036, 0.386, 0.071, 0.269 కలిపి 0.912. విలువ 0.088. ఆపరేషను తరువాత నొప్పి ఒక మాదిరికి దిగినది, దిగులు పోయినది, నడకలోనూ పనిలోనూ కొద్ది ఇబ్బంది ఉండిపోయినది; అంటే 21221. తీసివేతలు 0.309, విలువ 0.691. తేడా 0.603. ఈ మేలు 15 సంవత్సరాలు నిలిస్తే 9 క్వాలీలు దాటుతవి. ఆమె ఆయుష్షు ఒక్క రోజు పెరగకపోయినా తొమ్మిదేళ్ళ నిండు ఆరోగ్యం సంపాదించినట్లు లెక్క. మరణాల రిజిస్టరు చూపించలేని దానిని ఈ తీసివేతలు చూపిస్తున్నవి.

పట్టికను ఇంకొకసారి చూడండి. తీవ్రమైన నొప్పికి 0.386, మంచానికే పరిమితం కావటానికి 0.314. బ్రిటిషు ప్రజలు కదలలేకపోవటంకన్న నొప్పికే ఎక్కువ జడిశారు. రోజువారీ పనులు పూర్తిగా ఆగిపోవటానికి వారు తీసినది 0.094 మాత్రమే, అన్నిటికన్నా తక్కువ. ఈ సంఖ్య దగ్గర నేను చాలాసేపు ఆగాను. జబ్బుచేస్తే ఉద్యోగభద్రత, భృతి ఉన్న సమాజంలో పనికి పోలేకపోవటం ఒక రకం. రోజు కూలి ఆగితే పొయ్యి వెలగని ఇంట్లో అది వేరొక రకం. ఒక దేశపు పట్టికను ఇంకొక దేశం అరువు తెచ్చుకోవటం ఎంతవరకు సబబో ఈ ఒక్క అంకె చెబుతున్నది.

బ్రిటనులో ఈ సంఖ్యలు ప్రభుత్వ నిర్ణయాలలోకి ప్రవేశించినవి. 1999లో ఏర్పడిన నైస్ అనే సంస్థ, కొత్త మందు ఒక క్వాలీ సంపాదించటానికి ఎంత ఖర్చవుతుందో లెక్కకట్టి సలహా ఇస్తుంది. చాలాకాలంపాటు క్వాలీకి 20,000 నుంచి 30,000 పౌండ్ల లోపు ఖర్చును సమంజసంగా పరిగణించినది. అంటే పేర్లు తెలియని కొన్ని వేలమంది 1993లో ఇంట్లో కూర్చుని చేసిన బేరం, తరువాత తరం రోగులకు ఏ మందు అందాలనే తీర్పులో పాలుపంచుకొన్నదన్నమాట.

ఇక రెండవ ప్రశ్న: ఎవరిని అడగాలి? జబ్బు అనుభవిస్తున్నవారినే అడగాలని మొదట తోస్తుంది. అయితే 1978లోనే టారెన్స్, సాకెట్ అనే ఇద్దరు చేసిన పరిశోధనలో ఒక వింత బయటపడినది. మూత్రపిండాలు చెడి డయాలిసిస్ మీద ఆధారపడే జీవితానికి, దానిని అనుభవిస్తున్న రోగులు ఇచ్చిన విలువ, ఆరోగ్యవంతులు ఊహించి ఇచ్చిన విలువకన్న ఎక్కువ! తరువాత అనేక జబ్బులలో ఇదే కనిపించినది. మనిషి సర్దుకొంటాడు. కొత్త దారులు వెతుక్కొంటాడు, కొత్త సంతోషాలు కల్పించుకొంటాడు. బయటినుంచి చూసేవాడికి పోయినదే కనిపిస్తుంది, మిగిలినది కనిపించదు.

అయితే రోగుల మాటే తీసుకొంటే ఇంకొక అన్యాయం పొంచి ఉన్నది. ఓర్చుకొని సర్దుకొన్నవాడి స్థితి విలువ 0.9 అని రాసుకొంటే, నయంచేసినందువల్ల వచ్చే లాభం 0.1 మాత్రమే. ఓర్పు ఎక్కువైనకొద్దీ వైద్యానికి హక్కు తగ్గిపోతుంది. అదీగాక ఖజానా అందరిది. రేపు ఎవరికి ఏ జబ్బు వస్తుందో ఈ రోజు ఎవరికీ తెలియదు. కాబట్టి ప్రజలందరి మాటనే ప్రమాణంగా తీసుకోవాలని 1996లో అమెరికాలో ఒక నిపుణుల సంఘం సిఫారసు చేసినది. బ్రిటను ఈ దారిలోనే నడిచినది. స్వీడను మాత్రం జబ్బు అనుభవించేవారి మాటకే మొగ్గుచూపినది. ఇరుపక్షాల వాదమూ బలమైనదే. నా మటుకు నాకు ప్రజలను అడగటమే న్యాయంగా తోస్తున్నది, అయితే అడగబోయేముందు ఆ జబ్బుతో బ్రతికేవారి అనుభవాన్ని వారికి వినిపించాలి. గుడ్డిగా ఊహించమనటం పరీక్షలో చదవని పాఠంమీద ప్రశ్న వేయటంవంటిది.

ఊహమీద కట్టిన సంఖ్యలు ఎంత గొడవకు దారితీస్తవో అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో తెలిసివచ్చినది. అక్కడ 1990 ప్రాంతంలో పేదల వైద్యపథకంలో ఏ చికిత్సలకు ముందు డబ్బివ్వాలో ఒక క్రమం రాయదలచారు. దాదాపు వెయ్యిమందిని టెలిఫోనులో అడిగి స్థితుల విలువలు సేకరించి, చికిత్సల ఖర్చుతో కలిపి, జాబితా వేశారు. 1990లో వచ్చిన మొదటి జాబితాలో పంటికి తొడుగు వేయటం, గర్భసంచి వెలుపల ఏర్పడిన గర్భానికి చేసే ఆపరేషనుకన్న పైన వచ్చినది! ఆ ఆపరేషను చేయకపోతే తల్లి చనిపోవచ్చు. అయినా పంటి తొడుగు చౌక కాబట్టి, రూపాయికి ఇంత లాభం అనే లెక్కలో అది గెలిచినది. జాబితాను చేతితో సవరించి 709 అంశాలకు తెచ్చారు. 1992 ఆగస్టులో కేంద్రప్రభుత్వం దానిని కూడ తిరస్కరించినది. కారణం మరింత లోతైనది: ఆరోగ్యవంతులను అడిగితే వికలాంగుల జీవితానికి తక్కువ విలువ కడతారు, ఆ విలువనుబట్టి చికిత్స ఇస్తే వికలాంగులు రెండుసార్లు నష్టపోతారు, ఇది 1990 నాటి వికలాంగుల హక్కుల చట్టానికి విరుద్ధం అన్నారు. ప్రజల విలువలను పక్కకు తప్పించి సవరించిన తరువాత 1993లో అనుమతి దొరికినది. 2010లో అమెరికా ఆరోగ్యచట్టంలో క్వాలీ ఖర్చును గీటురాయిగా పెట్టుకోకుండా కొన్ని నిషేధాలు చేరటానికి వెనుక ఈ భయం కూడ ఉన్నది.

ప్రశ్న మారితే సంఖ్య ఎంత మారుతుందో చూపించే ఉదాహరణ అంధత్వం. ప్రపంచవ్యాప్తంగా ఏ జబ్బు ఎంత భారమో లెక్కకట్టే పెద్ద ప్రయత్నం 1990 తరువాత మొదలైనది. అందులో విలువను తిరగవేసి, 0 అంటే ఆరోగ్యం, 1 అంటే మరణంతో సమానమని రాస్తారు. 1996లో వెలువడిన పట్టికలో బరువులు నిర్ణయించినవారు ఆరోగ్యరంగ నిపుణులు. ఇంతమంది ఆరోగ్యవంతుల ఆయుష్షు పొడిగించటమా, అంతమంది అంధుల ఆయుష్షు పొడిగించటమా అనే తరహా ప్రశ్నలు వేసుకొన్నారు. అంధత్వానికి 0.600 వచ్చినది. అంధుడి ప్రాణానికి తక్కువ తూకం వేయమని అడుగుతున్న ఆ ప్రశ్ననే చాలామంది ఆక్షేపించారు.

దానిని మార్చి కొత్త సర్వే చేశారు. బంగ్లాదేశ్, ఇండొనీషియా, పెరూ, టాంజానియాలలో ఇంటింటికీ పోయి, అమెరికాలో టెలిఫోనులో, మొత్తం 13,902 మందిని, ఇంటర్నెట్ ద్వారా 16,328 మందిని అడిగారు. ఫలితాలు 2012లో వచ్చినవి. ఈసారి ప్రశ్న చాలా మెత్తనిది: ఇద్దరు మనుషుల్ని వర్ణించి, ఈ ఇద్దరిలో ఎవరు ఎక్కువ ఆరోగ్యంగా ఉన్నారు? అంతే. చదువురానివారు కూడ చెప్పగలరు. రెండు స్థితులు దగ్గరగా ఉంటే జనం సగం సగంగా చీలిపోతారు. దూరంగా ఉంటే అందరూ ఒకే మాట అంటారు. ఆ చీలికల నిష్పత్తినుంచి దూరాలు కట్టవచ్చు. మనస్తత్వశాస్త్రజ్ఞుడు థర్‌స్టన్ 1927లో చెప్పిన సూత్రం ఇది. దేశాలమధ్య జవాబులు ఆశ్చర్యం కలిగించేటంత దగ్గరగా వచ్చినవి. ఈ లెక్కలో అంధత్వానికి బరువు 0.195.

0.600 ఎక్కడ, 0.195 ఎక్కడ! మధ్యలో అంధుల బ్రతుకు మూడవవంతుకు తేలికపడలేదు. అంధుడైనా ఒళ్ళు గట్టిగా ఉన్నవాడిని ‘ఆరోగ్యంగా ఉన్నాడు’ అనటంలో మనకు తప్పు తోచదు, తెలుగులోనూ అంతే. చూపు లేకపోవటం కష్టమేగాని అనారోగ్యమని నోరు రాదు. పాత ప్రశ్న జీవితం ఎంత కష్టమో తూచినది, కొత్త ప్రశ్న ఒంటి ఆరోగ్యాన్ని తూచినది. ఈ మార్పుతో, ఇతర జబ్బులతో పోల్చినపుడు కంటివైద్యానికి పెట్టే రూపాయి తెచ్చే లాభం లెక్కలో సుమారు మూడవవంతుకు పడిపోయినది.

ఇంత తెలిసిన తరువాత మన దేశపు సంఖ్యల సంగతి. వైద్యపద్ధతుల ఖర్చునూ ఫలితాన్నీ బేరీజు వేయటానికి భారతప్రభుత్వం ఆరోగ్యపరిశోధన శాఖ కింద 2017లో ఒక విభాగం ఏర్పరచినది. దానికి పరదేశపు పట్టిక పనికిరాదని, ఐదు రాష్ట్రాలలో 3,548 మందిని ముఖాముఖి ప్రశ్నించి, భారతీయుల విలువల పట్టికను 2022లో ప్రకటించారు. ఇందులో మూడుమెట్లకు బదులు ఐదుమెట్ల ప్రశ్నావళి వాడారు. అంటే 5ను ఐదుమార్లు గుణించగా 3,125 స్థితులు. మరణంకన్న హీనమైన స్థితులకు పాత బల్లను విడిచి తేలికైన బేరం పెట్టారు: ముందు పదేళ్ళ ఆరోగ్యం, తరువాత పదేళ్ళ హీనస్థితి, ఇది ఎన్నేళ్ళ ఆరోగ్యంతో సమానం? నాలుగేళ్ళంటే, 4లోనుంచి 10 తీసి 10 చేత భాగించగా −0.6. ఎవరేమన్నా −1 దాటదు కాబట్టి −39 బెడద లేదు. మన పట్టికలో అన్నిటికన్నా హీనమైన స్థితికి వచ్చిన విలువ −0.923. బ్రిటిషు −0.594తో దీనిని నేరుగా పోల్చరాదు. మెట్లూ వేరు, ప్రశ్నా వేరు.

భాష సంగతి కూడ ఆలోచించాలి. ప్రశ్నావళిలో నొప్పి, అసౌకర్యం అని రెండు మాటలుంటవి. మన పల్లెలో మనిషిని అడగండి: పంటిది పోటు, పుండుది సలుపు, ఒళ్ళు అలసితే తీపు, కడుపులో మంట. నొప్పి ఉన్నదా అంటే లేదు, తీపులే అనవచ్చు. దిగులు, బెంగ, ఆందోళన ఒకటి కావు. వీటిలో దేనిని వాడితే అడిగినట్లవుతుంది? మాట తప్పితే మెట్టు తప్పుతుంది, మెట్టు తప్పితే దశాంశాలు ఎంత చక్కగా ఉన్నా లాభం లేదు. సర్వేకు వెళ్ళేవారిలో ఆ ప్రాంతపు మాట తెలిసినవారు ఉండాలని నేననేది ఇందుకే.

చివరగా, ఈ పత్రిక చదివే విద్యార్థులకు దగ్గరగా వచ్చే ఒక సమస్య. పిల్లలకోసం ఈ ప్రశ్నావళిని సులభమైన మాటలలో వేరుగా తయారుచేశారు. తమ స్థితిని పిల్లలే గుర్తుపెట్టగలరు. అయితే దానికి విలువ ఎవరు కట్టాలి? ఎన్నేళ్ళ ఆయుష్షు వదులుకొంటావని ఒక పిల్లవాడిని అడగటానికి ఏ పరిశోధకుడికీ మనసొప్పదు, ఒప్పకూడదు కూడ. అందుకని 2020లో కుదిరిన పద్ధతిప్రకారం పెద్దలనే అడుగుతారు, పదేళ్ళ పిల్లవాడు ఒకడు ఈ స్థితిలో ఉన్నాడని ఊహించుకొమ్మంటారు. అదే స్థితిలో తమనే ఊహించుకొంటే మూడేళ్ళు ఇచ్చే పెద్దలు, పిల్లవాడి ఆయుష్షులోనుంచి ఒక్క ఏడు తీయటానికి కూడ వెనుకాడుతున్నారు. ఆ కారణంగా పిల్లల స్థితులకు పెద్దల స్థితులకన్న ఎక్కువ విలువలు వస్తున్నవి. ఎక్కువ విలువ అంటే స్థితి అంత చెడ్డది కాదని కదా లెక్క! పిల్లవాడిమీద ప్రేమతో ఏళ్ళు తీయనందువల్ల, వాడి జబ్బు నయంచేసినప్పటి లాభం కాగితంమీద చిన్నదైపోతున్నది. ఏళ్ళ ప్రసక్తి లేకుండా, రెండు స్థితుల్లో ఏది మేలు అనే జతప్రశ్నలను కొన్నిచోట్ల హైస్కూలు వయసు పిల్లలనే అడిగి చూశారు. వారు చేసిన ఎన్నికలు పెద్దల ఎన్నికలతో అన్నిచోట్లా కలవలేదు. రెండిటిలో ఏ జాబితాను ప్రమాణంగా తీసుకోవాలో ఇంకా తేలలేదు.